రెండు పేర్ల నోటుబుక్కు

కనకవ్వ లోపలికి రాలేదు. వెనక వరుస క్వార్టర్లలో ఉండే పోశం భార్య ఈ ఇంటి గడప బయట నిలబడి మాట్లాడటం, జమున కాపురానికి వచ్చిన పదకొండేళ్ళలో ఇదే మొదలు. లోపలికి రమ్మని జమున రెండుసార్లు పిలిచింది. ఆవిడ కొంగు బిగించి అక్కడే నిలబడింది.

"కూసునేటందుకు రాలే జమునా. ఒక్క మాట అడిగి పోత. నిన్న గని ఆఫీసుల మా ఆయనకు ఒక కాగితం చూపెట్టిండ్రు. పిల్లల నోటుబుక్కుల నుంచి చింపిన కాగితం. మూలకు మిరపచెట్టు బొమ్మ ఉన్నదట. ఎవలు ఏసిండ్రు ఆ బొమ్మ?"

జమున చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. చాప మీద కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కూతురు రమ తలెత్తింది. ఆ బొమ్మ వేసింది ఆ పదేళ్ళ పిల్లే. పోశం తన క్వార్టర్ ముందు పాత డబ్బాలో పెంచుకునే మిరపచెట్టు అది. ఒక్కో కాయకు ఎర్రరంగు కూడా వేసింది.

ఆ కాగితం మీద ఏముందో జమునకు చూడకుండానే తెలుసు. పైన 'కంపెనీల పేరు రాజం' అని రమ రాత. కింద పోశం సొంత చేత్తో, చెమటలు కక్కుతూ రాసిన ఒక్క వాక్యం. నా పేరు పోశం.

పోశం గనిలో దిగబట్టి ముప్పై ఏళ్ళు దాటింది. భర్తీ రోజున రాజం అని పేరు పిలిస్తే ఆ రాజం రాలేదు. పక్కన నిలబడ్డ పోశం చెయ్యెత్తాడు. అప్పటి నుంచి ఇంట్లో పోశం, గని మీద రాజం. ఈ కాలనీలో ఇదేమీ వింత కాదు. కూరగాయల బండి దగ్గర ఒక పేరు, హాజరు పుస్తకంలో ఇంకో పేరు పెట్టుకుని దర్జాగా బతికినవాళ్ళు వరుసకు నలుగురైదుగురు ఉంటారు. అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. రెండు నెలల కిందట ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. ఆఫీసు వాళ్ళు ఒక్కొక్కరినీ పిలవడం మొదలుపెట్టారు. ఉత్తరాన్నయితే అబద్ధమని కొట్టిపారేయవచ్చు. సొంత చేతిరాతను ఎలా కొట్టిపారేస్తాడు? ఏడాదిన్నరలో మర్యాదగా రిటైరై దిగిపోవలసిన మనిషి, ఇప్పుడు ఉత్త చేతులతో ఇంటికొచ్చేటట్టున్నాడు.

నోటుబుక్కు ఇంట్లోనే ఉంది చిన్నమ్మా, గడప దాటలేదు, అంది జమున. అయితే చూపించమంది కనకవ్వ.

రమ లేచి షెల్ఫు దగ్గరికి వెళ్ళింది. లెక్కల పుస్తకం తీసింది, తెలుగు తీసింది, బొమ్మల పుస్తకం తీసింది. అన్నీ నేల మీద పరిచింది. అట్ట మీద 'మన గల్లి' అని రాసిన నోటుబుక్కు వాటిలో లేదు.

"అ... అమ్మా, లే... లేదు," అంది.

అప్పుడు కనకవ్వే లోపలికి అడుగుపెట్టింది. కూర్చోవడానికి కాదు. తన మనవరాలు నిన్న మరిచిపోయిన పలకా సంచీ గూట్లో ఉంటే తీసుకుంది.

"నువ్వు గాకుంటె నీ ఇంట్ల మనిషి. కాగితం తనంతట తాను నడుసుకుంట ఆఫీసుకు పోలేదు గద," అంది. "ఆయన నిన్ను బిడ్డ అనుకున్నడు."

అని వెళ్ళిపోయింది. వంటగది గుమ్మంలో చాట ఒళ్ళో పెట్టుకుని బియ్యం ఏరుతున్న అత్తగారు సారవ్వ, ఇంత జరుగుతున్నా తల ఎత్తలేదు. జమునకు అది గుర్తుండిపోయింది.

*

తప్పు ఎక్కడ మొదలైందంటే జమున తననే వేలెత్తి చూపించుకోవాలి.

రమకు నత్తి. బడిలో పాఠం చదవమంటే క్లాసంతా నవ్వేది. పిల్ల మెల్లగా మాట్లాడటమే మానేసింది. కిందటేడు సమ్మెలో బడులు మూతపడి నెలా పదిహేను రోజులు ఇంట్లో ఉంటే, తల్లి దగ్గర గొంతెత్తి చదివింది. సమ్మె అయిపోయాక జమున పిల్లను మళ్ళీ బడికి పంపలేదు. డిగ్రీ చదివి వంటింట్లో పెట్టుకున్న చదువును బయటికి తీసింది. తలుపు వెనక వైపు నల్లరంగు పూసి బోర్డు చేసింది.

భర్త వేణుమాధవ్ అప్పుడు ఒక షరతు పెట్టాడు. నా జీతంలోంచి దీనికి రూపాయి అడగకు, నీ సంపాదనతో నడిచినన్నాళ్ళు నడుపుకో, నడవని రోజున పిల్ల బడికి పోవాలి, అన్నాడు. జమున సరేనంది. పొద్దున రమకు పాఠాలు. మధ్యాహ్నం రెండున్నరకు గల్లీ పిల్లలకు ట్యూషన్. మొదటి షిఫ్టు దిగి వచ్చాక పోశం, ఎల్లేశం లాంటి పెద్దవాళ్ళకు అక్షరాలు. వేలిముద్రలు వేసి వేసి విసిగిపోయిన మనుషులు, దిగిపోయే ముందు ఒక్కసారైనా సంతకం పెట్టాలని వచ్చేవాళ్ళు. వాళ్ళిచ్చే ఫీజులతోనే ఈ ఇంటి బడి నడుస్తోంది. జమున ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ఆ మాట తనలో తాను ఎన్నిసార్లు అనుకుని మురిసిందో.

'మన గల్లి' పాఠం ఆవిడ సొంత కల్పన. ఇల్లిల్లూ తిరిగి, ఉండేవాళ్ళ పేరు, ఊరు, పని అడిగి రాసుకు రమ్మంది. నత్తి పిల్ల కొత్తవాళ్ళతో మాట్లాడుతుందని ఆశ. రమ పదకొండు ఇళ్ళు తిరిగింది. కమాన్‌పూర్ నుంచి వచ్చినవాళ్ళెవరో, రామగిరి నుంచి వచ్చినవాళ్ళెవరో రాసుకొచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఇంకో గీత కొట్టి 'కంపెనీల పేరు' అని కూడా రాసుకొచ్చింది. తెలివిగల పిల్ల మరి. ఆ పేజీలు చూసి జమున భయపడింది. కొట్టేయమందామనుకుంది. కానీ పిల్ల మొహం చూసింది. పదకొండు ఇళ్ళలో నోరు తెరిచి అడిగి వచ్చిన మొహం అది. కొట్టేయమనలేక, కింద ఎర్రసిరాతో 'శభాష్' అని రాసింది.

ఇంత చదువుకున్నది చేసిన తెలివితక్కువ పని అది. చదువు లేనివాళ్ళెవరూ చేయరు.

*

మధ్యాహ్నం రెండున్నరకు చాపలు పరిచింది. ఎవరూ రాలేదు.

ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగి వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. మామూలుగా ఆ చప్పుడు రాగానే పిల్లలంతా ఒకేసారి పేలుళ్ళను ఒకటి, రెండు అని లెక్కపెడుతూ గోల చేసేవాళ్ళు. ఇవాళ రమ ఒక్కతే పెదవులు కదిపింది, గొంతు రాలేదు.

ఎల్లేశం మాత్రం గేటు దాకా వచ్చాడు. ఈ వారం అతనికి రాత్రి షిఫ్టు. చదువుకోవడానికి రాలేదు. తన పేజీ నోటుబుక్కులోనే ఉందా, పోయిందా అని అడిగాడు. నోటుబుక్కే కనిపించడం లేదని జమున అంటే అతను గేటు పక్క చెట్టుకు ఆనుకున్నాడు.

"నేను నిన్ను అంటలేను చెల్లే," అన్నాడు. "మా ఇంటామెనే పిల్లలను పంపనంటున్నది."

అతను వెళ్ళాక జమున లోపలికి వచ్చి అత్తగారి ముందు కూర్చుంది. సారవ్వ ఈ బడిని మొదటి నుంచీ సహించలేదు. మగవాళ్ళు వచ్చి చాప మీద కూర్చోవడం ఏమిటని మూతి తిప్పేది. ఆ నోటుబుక్కు సంగతి తెలిసిన రోజున, పేర్లు నోట్లో ఉండాలి గాని కాగితం మీద ఉండొద్దని పెద్ద గొడవ చేసింది. రెండు రోజులు అన్నం తినలేదు. ఇదంతా జమున మనసులో ఒకటొకటిగా వచ్చి కూర్చుంది.

"అత్తమ్మా, నోటుబుక్కు నువ్వు తీసినవా?"

"నాకు సదువస్తదా," అంది సారవ్వ. చాటలోంచి ఒక రాయి తీసి పక్కన వేసింది. "ఏ కాగితం ఎవలిదో నాకెట్ల ఎర్కైతది?"

ఆ జవాబు విని జమునకు అనుమానం రెట్టింపయింది. చదువు రాకపోతేనేం, బొమ్మలున్నాయి కదా. మిరపచెట్టు ఎవరిదో గల్లీలో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది. పైగా తాను అడిగింది నోటుబుక్కు గురించి. కాగితం మాట ఎత్తింది అత్తగారే. జమున అదే మాట అంది. సారవ్వ చాట పక్కన పెట్టి, నల్లా వచ్చే టైమైందని బిందె తీసుకుని బయటికి నడిచింది.

జమున ఇంక ఆగలేదు. అత్తగారి రేకు పెట్టె మంచం కింద ఉంది. ఇంకొకరి పెట్టె తెరవడం ఆవిడ పుట్టి పెరిగిన ఇంట్లో లేని అలవాటు. అయినా తెరిచింది. పైన రెండు చీరలు, మామగారు నర్సింగం ఫోటో, ఆయన కళ్ళజోడు. అడుగున పాత ధోవతిలో చుట్టిన మూట. మూట విప్పకముందే చేతికి అట్ట తగిలింది.

దొరికింది. ఆ క్షణాన జమునకు కలిగింది కోపం కూడా కాదు, సంతోషం. నేను అనుకున్నదే నిజమైంది అనే పాడు సంతోషం.

గబగబా పేజీలు తిప్పింది. ఎల్లేశం పేజీ ఉంది. మూల ఇంటి వాళ్ళది ఉంది. పోశం పేజీ దగ్గర చింపిన అంచు మాత్రం మిగిలింది. తరువాత తమ ఇంటి పేజీ. నర్సింగం తాత, ఊరు రామగిరి అని రమ గుండ్రటి రాత. దాని కింద 'కంపెనీల పేరు ఓదెలు' అని ఉండాలి; ఆ పేరు మీదే వేణుమాధవ్‌కు తండ్రి ఉద్యోగం వచ్చింది. ఆ లైను లేదు. ఎవరో దాని మీద పెన్నుతో గీకి గీకి, కాగితం చిల్లి పడే దాకా నల్లగా చేశారు.

సారవ్వకు పెన్ను పట్టడం రాదు. వచ్చినా, పదకొండు పేజీల్లో ఏ లైను చెరపాలో ఆవిడకు తెలియదు.

నోటుబుక్కును ఒకసారి దులిపింది. మధ్యలోంచి మడిచిన ఉత్తరం జారి నేల మీద పడింది. ఆఫీసు ముద్ర ఉన్న ఉత్తరం. వేణుమాధవ్, పంపు ఆపరేటర్. నీ తండ్రి అసలు పేరు విషయమై ఫిర్యాదు అందినది కావున విచారణకు హాజరు కావలెను. తారీఖు చూసింది. పోశంను పిలవడానికి పన్నెండు రోజుల ముందుది. హాజరు కావలసిన రోజు కిందటి గురువారం.

కిందటి గురువారం వేణుమాధవ్ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. రామకృష్ణాపూర్‌లో దోస్తు గృహప్రవేశం అన్నాడు. విందుకు పోయిన మనిషి ఇంటికొచ్చి, ఆకలేస్తోందని రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అక్కడ వంటలు బాగాలేవేమో అనుకుంది జమున. ఆ మర్నాడు డ్యూటీ సంచీని బోర్లించి, మంచం కింద, బీరువా వెనక ఏదో వెతికాడు. గేటు పాసు అన్నాడు. పాపం, తాను కూడా అతనితో కలిసి వెతికింది.

"చూసినవా," అంది గుమ్మంలోంచి సారవ్వ. నిండిన బిందె ఇంకా చంక నుంచి దించలేదు.

జమున ఉత్తరాన్ని మడిచి పట్టుకుంది.

సారవ్వ బిందె దించి, తలుపు దగ్గరికి వేసి, కూలబడింది. మెల్లగా చెప్పింది. కొడుకు ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే ఆవిడ విన్నది. మధ్యన తిరిగే దళారీ ఎవడో, ఇంకొకరి మీద గట్టి కాగితం తెస్తే నీ ఉత్తరం కనపడకుండా చేస్తానన్నాడట. గురువారం వాడు వచ్చాక సంచీలో చెయ్యి పెడితే ఈ నోటుబుక్కు తగిలింది. చదవడం రాదు కాబట్టి ఉన్నదున్నట్టు మొత్తం తీసి దాచేసింది.

"ఒక్కడి కాగితం అప్పటికే పోయింది. మిగిలిన పది ఇండ్లయన్న పోవద్దని దాచిన. నువ్వు నన్ను అనుమానపడ్డవని నాకు ఎర్కే. పడితే పడనీ అనుకున్న."

జమునకు ఏడుపు వచ్చింది. పొద్దుటి నుంచి ఈ ముసలావిడ మీద తాను ఎన్ని లెక్కలు కట్టిందో. కాళ్ళ మీద పడదామనిపించింది. కానీ సారవ్వ ముఖంలో దానికి చోటు లేదు.

"వాణ్ని అడుగకు," అంది సారవ్వ. "అడిగితే చెప్తడు. అబద్ధమాడుడు వానికి సరిగ్గ రాదు. చెప్పినంక నువ్వు ఈ ఇంట్ల ఉండలేవు."

మొదటి షిఫ్టు వదిలిన సైరను మోగింది.

*

వేణుమాధవ్ నాలుగింటికి వచ్చాడు. వచ్చీరాగానే నీళ్ళ తొట్టి దగ్గర మొహం కడుక్కున్నాడు. ఖాళీ చాపల వైపు ఒకసారి చూశాడు.

పిల్లలెవరూ రాలేదా అని అడిగాడు. రాలేదంది జమున. ఎందుకని అడుగుతాడేమోనని చూసింది. అడగలేదు. తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, సోమవారం నుంచి రమను బడికి పంపుదామని, హెడ్ మాస్టరుతో మాట్లాడి వచ్చానని చెప్పాడు.

"అప్పుడే అనుకున్నం గద. నడవని రోజు బంద్ అని," అన్నాడు.

నడవకుండా చేసిందెవరో జమున నాలుక చివర దాకా వచ్చింది. వంటింట్లో సారవ్వ గిన్నెల చప్పుడు ఆగిపోయింది. రమ తల్లినీ తండ్రినీ మార్చి మార్చి చూసింది. ఆ పిల్లకు ఏమీ తెలియదు. తన నోటుబుక్కు పోయిందని, దాని వల్ల పోశం తాత ఏదో ఆపదలో పడ్డాడని మాత్రం తెలుసు. ఇంక బడిలో గొంతెత్తి చదవవలసిన రోజు వచ్చిందని కూడా ఇప్పుడే తెలిసింది.

గేటు చప్పుడైంది. రోజూ వచ్చే వేళకే పోశం వచ్చాడు. స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, చంకలో పలక పెట్టుకుని. మామూలుగా చెప్పులు బయట విడిచి, మామూలు చోటనే చాప మీద కూర్చున్నాడు. ఇవాళ ఈ ఇంటికి చదువుకోవడానికి వచ్చింది ఆయన ఒక్కడే.

పొద్దున కనకవ్వ అన్న మాటలకు ఏమీ అనుకోవద్దని జమునతో అన్నాడు. ఆడది, భయపడ్డది, అన్నాడు. ఆయన కళ్ళలో అనుమానం లేదు. ఉంటే బాగుండునని జమునకు అనిపించింది. అప్పుడు ఆ కళ్ళలోకి చూడటం తేలికయ్యేది.

"ఆ రాత నాది కాదన్న బిడ్డా," అన్నాడు పోశం. "మరి నీది ఎట్లుంటదో రాసి చూపెట్టు అన్నరు. రేపు పొద్దుగాల పది గంటలకు పోవాలె. ఇన్ని రోజులు నా పేరే నేర్చుకుంటి. ఇంకొక పేరు రాసుడు రాదు. రాజం అని రాసుడు ఇయ్యాల ఒక్క పూటల నేర్పుతవా?"

నెల రోజులు పట్టింది పోశం అని రాయడానికి. మొదటిసారి సరిగా వచ్చిన రోజున ఆ పలకను తుడవనివ్వకుండా ఇంటికి తీసుకెళ్ళి కనకవ్వకు చూపించాడు. ఇప్పుడా పేరును తుడిచి ఇచ్చాడు. ఖాళీ పలక ఆవిడ ముందుకు జరిపాడు.

వేణుమాధవ్ గుమ్మం దగ్గర నిలబడిపోయాడు. తువ్వాలు మెడ మీదే ఉంది. లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

జమున సుద్దముక్క తీసుకుంది. తలుపు వెనక బోర్డు మీద రాయబోయి, ఆగింది. అడగొద్దంది అత్తగారు. సరే, అడగదు. భర్త దగ్గరికి నడిచి వెళ్ళి సుద్దముక్కను అతని అరచేతిలో పెట్టింది.

"పోశం కాకకు ఆ పేరు నువ్వు నేర్పు," అంది.

వేణుమాధవ్ ఆవిడ ముఖంలోకి చూశాడు. ఎంత తెలుసో, ఎవరు చెప్పారో వెతుక్కుంటున్నట్టు చూశాడు. తరువాత అతని చూపు వంటింటి గుమ్మం వైపు పోయింది. అక్కడ తల్లి నిలబడి ఉంది. ఆవిడ చేతిలో నోటుబుక్కు ఉంది.

పోశంకు అదేమీ కనబడలేదు. ఆయన వీపు వంటింటి వైపు ఉంది.

"రా వేణూ, కూసో," అన్నాడు. చాప మీద కొంచెం జరిగి, వేణుమాధవ్‌కు చోటిచ్చాడు.